ఎవరి తలుపు ఎవరు తడతారు? మా వీధి ప్రాజెక్టు డైరీ

పని మొదలు

ఈ ప్రాజెక్టు ఒక్క ప్రశ్నతో మొదలైంది. వడగాలులు వీచే రోజుల్లో రాత్రిపూట కరెంటు పోతే మా వీధిలో ఎవరు ఎవరి తలుపు తడతారు? తొలి సమావేశంలో ఈ మాట అడిగితే అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పక్కింటివాళ్ల పేరు తెలుసు, ఉద్యోగం తెలుసు, బండి రంగు కూడా తెలుసు. ఆ ఇంట్లో మంచం దిగలేనివాళ్లు ఉన్నారా, ఫ్రిజ్‌లో పెట్టాల్సిన మందులు వాడేవాళ్లు ఉన్నారా అన్నది మాత్రం చాలామందికి తెలియదు.

వాతావరణ సంక్షోభం గురించి రెండు రకాల మాటలు వినిపిస్తుంటాయి. ఒకటి సామగ్రి గురించి: కాలువలు, పంపులు, బ్యాటరీలు, పైకప్పుకు తెల్ల రంగు. రెండోది మనసు గురించి: భయం, దిగులు, పట్టని నిద్ర. మొదటిదాన్ని ఇంజినీర్లకూ రెండోదాన్ని డాక్టర్లకూ అప్పగించి మిగిలినవాళ్లం ఊరుకుంటాం. నేను మాత్రం ఈ రెండూ ఒకటే పని అని నమ్ముతాను. కష్టం వస్తే తన తలుపు తట్టేవాళ్లున్నారని తెలిసిన మనిషికీ, ఎవరూ రారని తెలిసిన మనిషికీ కలిగే భయం ఒకటి కాదు. ఆ తేడాను ఒక వీధి తన చేతులతో తాను తెచ్చుకోగలదా అన్నదే ఇక్కడ మేం చూడాలనుకున్నది.

ఈ నమ్మకం గాలిలోంచి పుట్టలేదు. 1995 జూలైలో షికాగో నగరాన్ని వడగాలులు చుట్టుముట్టినప్పుడు మామూలుకంటే అదనంగా 739 మంది చనిపోయారు. ఆ తర్వాత ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సామాజిక శాస్త్రవేత్త పక్కపక్కనే ఉన్న రెండు పేటలను పోల్చి చూశారు. రెండింటిలోనూ పేదవాళ్లు ఉన్నారు, ఒంటరి వృద్ధులు ఉన్నారు, రెండింటి మీదా కాసింది ఒకే ఎండ. అయినా నార్త్ లాండేల్‌లో మరణాల రేటు సౌత్ లాండేల్ కంటే దాదాపు పదింతలు. సౌత్ లాండేల్ వీధుల్లో జనం తిరుగుతారు, దుకాణాలు తెరిచి ఉంటాయి, వృద్ధులు నిర్భయంగా బయటికి వస్తారు. నార్త్ లాండేల్‌లో మూతపడిన దుకాణాలూ ఖాళీ స్థలాలే ఎక్కువ. అక్కడి వృద్ధులు తలుపులు బిగించుకుని లోపలే ఉండిపోయారు.

అది ఎప్పటిదో పాత మాట అని సరిపెట్టుకోలేం. 2021 వేసవిలో కెనడాలోని లిట్టన్ అనే ఊళ్లో 49.6 డిగ్రీలు నమోదైంది. ఆ వేడికి బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో 619 మంది చనిపోయారు. వాళ్లలో 98 శాతం మంది ప్రాణం పోయింది ఇంటి లోపలే. సగానికి పైగా ఒంటరిగా ఉంటున్నవాళ్లు. ధనిక దేశం, మంచి ఆసుపత్రులు, ఇంటింటికీ ఫోను. వాళ్లకు కరువైంది ఆ రోజు తలుపు తెరిచి లోపలికి తొంగిచూసే మనిషి.

అందుకే డబ్బు పోగుచేయడం కంటే ముందు తలుపుల లెక్క తీయాలని నిర్ణయించుకున్నాం.

తలుపుల పటం

పెద్ద కాగితం మీద వీధిని చేత్తో గీశాం. కంప్యూటర్‌లో గీస్తే అందంగా వచ్చేది. కానీ చేత్తో గీసేటప్పుడు నలుగురూ దాని చుట్టూ వంగి నిలబడతారు, ‘ఆ మూలింట్లో మెట్లు చాలా నిటారుగా ఉంటాయి’ అని ఎవరో ఒకరు అంటారు. పటం కంటే ఆ మాటలే మాకు ముఖ్యం.

ఒక్కో ఇంటికి రెండు గడులు. ఒకదానిలో ‘ఏం కావాలి’, రెండోదానిలో ‘ఏం ఇవ్వగలం’. రెండూ నింపాలన్నది నియమం. జబ్బు పేరు రాయం, కావాల్సిన సాయం మాత్రమే రాస్తాం. మెట్లు దిగడానికి ఒక మనిషి తోడు, కరెంటుతో నడిచే వైద్య పరికరం, చల్లగా ఉంచాల్సిన మందు, చంటిబిడ్డ. ఇవ్వగలిగినవి కూడా అంతే మామూలుగా ఉంటాయి. ఒకరికి వాహనం ఉంది, ఒకరు నర్సుగా పనిచేసి మానేశారు, ఒకరి గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుంది, ఒకరికి తీరిక ఉంది. ఈ కాగితం ఇద్దరి దగ్గరే ఉంటుంది, ఫోన్లలోకి ఎక్కదు. ఎవరి వివరాలు వాళ్లు ఒప్పుకుంటేనే రాస్తాం, ఎప్పుడైనా కొట్టివేయమనవచ్చు. ఒంటరిగా ఉండే వాళ్ల జాబితా తప్పుడు చేతుల్లో పడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

రెండో గడి విలువ నాకు ఒక ఇంటి ముందు తెలిసివచ్చింది. ఒంటరిగా ఉండే పెద్దాయన తలుపు సగమే తీసి, “నాకెవరి సాయమూ అక్కర్లేదు బాబూ, వెళ్లిరండి” అన్నారు. మాతో వచ్చిన అమ్మాయి వెంటనే, “సాయం చేయడానికి రాలేదండీ, మీరు ఏం చేయగలరో రాసుకుందామని వచ్చాం” అంది. ఆయన కాసేపు ఆలోచించి, తనకు రాత్రి రెండు దాకా నిద్ర పట్టదని చెప్పారు. ఇప్పుడు వాతావరణ హెచ్చరికలు రాత్రిపూట రేడియోలో విని, అవసరమైతే మిగిలినవాళ్లను లేపే బాధ్యత ఆయనది. ఆయన పేరు మొదటి గడిలోకి కూడా వచ్చింది, ఆయనే రాయించారు. పుచ్చుకోవడం ఒక్కటే మిగిలితే మనిషి చిన్నబోతాడు. తనకూ ఒక పని ఉందంటే చెయ్యి చాచడానికి సిగ్గుపడడు.

జంట ఇళ్లు

పటం అయ్యాక ప్రతి ఇంటినీ మరో రెండిళ్లతో కలిపాం. ఒకటి కూతవేటు దూరంలో ఉండేది. రెండోది కాస్త దూరంగా, వీలైతే ఎత్తుగా ఉన్న చోటుది. వీధి పల్లంలో నీళ్లు నిలిస్తే పక్కిల్లు కూడా మునుగుతుంది కాబట్టి, ఇద్దరికీ ఒకేసారి కష్టం వచ్చే జంట పనికిరాదు. ఇప్పటికే స్నేహంగా ఉన్న ఇళ్లను జంట చేయలేదు. వాళ్లు ఎలాగూ పలకరించుకుంటారు.

వేడి హెచ్చరిక వచ్చిన రోజు జంట ఇల్లు రెండుసార్లు పలకరించాలి, ఉదయం ఒకసారి, పొద్దుపోయాక ఒకసారి. అడగాల్సినవి ముందే అనుకున్నాం. నీళ్లు తాగుతున్నారా? రాత్రి నిద్ర పట్టిందా? గది చల్లబడిందా? తల తిరుగుతోందా, వాంతి వస్తోందా? ‘బాగున్నారా’ అని మాత్రం అడగవద్దని గట్టిగా అనుకున్నాం. దానికి ‘ఆ, బాగున్నాం’ అన్న జవాబు తప్ప మరొకటి రాదు.

మాట తడబడినా, ఉన్న చోటు తెలియనట్టు అయోమయంగా చూసినా అది వడదెబ్బ కావచ్చు, ప్రాణాపాయం. అప్పుడు చర్చలు ఉండవు. అత్యవసర సేవకు ఫోను చేసి, నీడలో పడుకోబెట్టి, ఒళ్లంతా నీళ్లతో తడుపుతూ విసరాలి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు. ఇదంతా ఒక చిన్న కార్డు మీద పెద్ద అక్షరాలతో రాసి ఇంటింటికీ ఇచ్చాం. విరేచనాలు, నీరసం వంటివాటికి లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు (తలకొట్టి కొలిచిన టీ చెంచాలు) అన్న కొలత కూడా వెనకవైపు ఉంది. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం, అందుకే కొలతను ఎర్ర అక్షరాల్లో రాయించాం.

మానసిక అనారోగ్యానికి మందులు వాడేవాళ్ల గురించి ప్రత్యేకంగా మాట్లాడుకున్నాం. కొన్ని మందులు చెమట పట్టే తీరునూ దాహం తెలిసే తీరునూ మారుస్తాయి. బ్రిటిష్ కొలంబియా మృతుల్లో స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లు జనాభాలో వాళ్ల వాటాకంటే ఎక్కువగా ఉన్నారని తర్వాతి పరిశీలనల్లో తేలింది. జనం ఎవరికి దూరంగా జరుగుతారో వాళ్ల తలుపే ముందు తట్టాలి. మా వీధిలో ఈ మాట నేను ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదనిపిస్తుంది.

వినే కూటమి

పనులన్నిటిలో నాకు అత్యంత కష్టంగా తోచినదీ, అత్యంత విలువైనదిగా తేలినదీ ఇదే. ఎనిమిది పది మంది వలయంగా కూర్చుని, వాతావరణం మారుతున్న తీరు తమ లోపల ఏం చేస్తోందో చెప్పుకునే గంటన్నర. ఉపన్యాసం ఉండదు, చిత్ర ప్రదర్శన ఉండదు. కరిగే మంచు బొమ్మలు చూపించి జనాన్ని భయపెట్టే సభలు నేను చాలా చూశాను. భయపడ్డ మనిషి ఇంటికి వెళ్లి తలుపు వేసుకుంటాడు.

కూటమి నియమాలు కొన్నే. ఒకరు మాట్లాడేటప్పుడు మిగిలినవాళ్లు వింటారు. మాట్లాడకుండా కూర్చోవచ్చు. ఇక్కడ విన్నది బయట చెప్పకూడదు. మొదటి సగంలో సలహాలు, పరిష్కారాలు, లెక్కలు నిషేధం. ‘అలా ఎందుకు అనుకుంటారు, అంతా సర్దుకుంటుంది’ అనడం కూడా నిషేధం. ఓదార్చాలన్న తొందరలో ఎదుటివాళ్ల నోరు నొక్కేస్తాం.

అన్నిటికంటే ముఖ్యమైన నియమం మరొకటి. తుపానులోనో వరదలోనో దెబ్బతిన్నవాళ్లను ‘ఆ రోజు ఏం జరిగిందో చెప్పండి’ అని అడగకూడదు. వాళ్లంతట వాళ్లు చెబితే వినాలి. చెప్పేస్తే భారం దిగుతుందని అందరం అనుకుంటాం. విపత్తు జరిగిన వెంటనే ఒక్కసారి కూర్చోబెట్టి అంతా చెప్పించే పద్ధతిని పరిశోధకులు పరీక్షించి చూశారు. అది తర్వాతి మానసిక గాయాన్ని ఆపదనీ, కొందరికి కీడు కూడా చేయవచ్చనీ తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో మరో రెండు సంస్థలతో కలిసి తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిని అందుకు భిన్నమైన దారి చెబుతుంది. చూడటం, వినడం, కలపడం. ఎవరికి ఏం అవసరమో చూడాలి, చెప్పినంత వినాలి, కావాల్సిన మనిషితోనో సేవతోనో కలపాలి. ఇందుకు డిగ్రీలు అక్కర్లేదు. వీధిలో కొందరం దాన్ని చదివి, ఒకరి మీద ఒకరం సాధన చేశాం.

కూటమి నడిచే వరుసకు పర్యావరణ కార్యకర్త, బౌద్ధ పండితురాలు జోఆనా మేసీ పద్ధతి ఆధారం. అణుయుద్ధ భయం కమ్ముకున్న 1970ల చివరి రోజుల్లో ఆమె అమెరికాలో ఇలాంటి కూటములు మొదలుపెట్టారు. కృతజ్ఞతతో మొదలుపెట్టాలి, తర్వాత బాధను గౌరవంగా బయటికి రానివ్వాలి, ఆ పైన కొత్త చూపుతో చూడాలి, చివర పనిలోకి నడవాలి. కృతజ్ఞతతో మొదలుపెట్టడం ఎందుకో మొదట్లో కొందరికి నచ్చలేదు. నాకు మాత్రం వెంటనే నచ్చింది. మనిషి దేనికోసం దుఃఖిస్తున్నాడో ముందు ఆ ఇష్టం పలికితే, తర్వాత వచ్చే దుఃఖం అర్థం లేని చీకటిలా ఉండదు.

ఏం మాట్లాడుకున్నారో ఇక్కడ రాయకూడదు కదా, అనుమతి ఇచ్చినవాళ్ల మాటలు రెండు మూడే రాస్తాను. పెళ్లయిన ఒక యువతి, పిల్లల్ని కనాలా వద్దా అన్నది ఇంట్లో మాట్లాడలేకపోతున్నానంది. జీవితమంతా మట్టితో పనిచేసిన ఒక పెద్దావిడ, వాన వచ్చే వేళ తనకు వాసనతో తెలిసేదనీ, ఇప్పుడు ఆ తెలివి ఎందుకూ పనికిరాకుండా పోయిందనీ చెప్పి చాలాసేపు మౌనంగా ఉండిపోయారు. ఇది జబ్బు కాదు. పోతున్నదాని విలువ తెలిసిన మనసుకు కలిగే న్యాయమైన నొప్పి. 2021లో పది దేశాల్లో 16 నుంచి 25 ఏళ్ల వయసున్న 10,000 మందిని అడిగితే 59 శాతం మంది వాతావరణ మార్పు గురించి చాలా, లేదా విపరీతంగా ఆందోళన పడుతున్నామన్నారు. ఆ దిగులు రోజువారీ జీవితాన్ని దెబ్బతీస్తోందని 45 శాతానికి పైగా చెప్పారు. ఇంతమందికి ఉన్నదాన్ని ఒక్కొక్కరూ ‘నాకే ఎందుకిలా’ అని దాచుకుంటున్నారు. దాచుకోవడం ఆగితే చాలు, సగం బరువు తగ్గుతుంది.

అయితే కూటమికి హద్దు ఉంది. వారాల తరబడి నిద్ర లేకపోయినా, పనిచేయలేకపోయినా, బతకాలని లేదన్నా వాళ్లను వైద్యుల దగ్గరికి తీసుకెళ్లాలి. అలాంటప్పుడు ఎవరిని కలవాలో, ఏ సహాయవాణికి ఫోను చేయాలో రాసిన కాగితం ప్రతి కూటమిలోనూ గోడకు ఉంటుంది. ఒంటరిగా పంపం, ఒకరు తోడు వెళతారు.

ఇక నా ఆలోచనను మార్చిన మాట ఒకటుంది. రోడ్డు ఊడ్చే పని చేసే ఒకామెను కూటమికి పిలిచాం. అందరి మాటలూ విని, “దిగులు పడే తీరిక మాకెక్కడిదండీ? మీకు ఎండ వార్త. మాకు అది పని” అన్నారు. ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడకూడదు కూడా. రెండో సగంలో ఆమె అడిగినవి చాలా చిన్నవి: మధ్యాహ్నం కూర్చోవడానికి నీడ, తాగడానికి చల్లని నీళ్లు, అడగకుండానే వాడుకోగల మరుగుదొడ్డి. మా పటంలో ఇళ్లు మాత్రమే ఉన్నాయి. వీధిలో రోజంతా నిలబడి పనిచేసేవాళ్లు దాని మీద లేరు. ఆ రోజు నుంచి కాపలా కాసేవాళ్లు, ఊడ్చేవాళ్లు, సరుకులు మోసుకొచ్చేవాళ్లు కూడా పటంలో భాగం. వాళ్లకూ జంట ఇళ్లు ఉన్నాయి. మూడిళ్ల వరండాల్లో నీళ్లకుండ, కుర్చీ పెట్టారు. మనసు గురించి మాట్లాడటానికి పెట్టిన కూటమి ఒక మరుగుదొడ్డి తాళం తీయించిందంటే అది సరైన దారిలో ఉందని నేను అనుకుంటున్నాను.

పిల్లలు

పిల్లల కోసం ప్రత్యేక కూటమి పెట్టలేదు. పని ఇచ్చాం. ప్రతి ఇంటి కిటికీకి వేలాడదీసే రెండు రంగుల అట్టముక్కలు వాళ్లే తయారుచేశారు. ఉదయం లేవగానే ఆకుపచ్చ వైపు తిప్పితే అంతా క్షేమం, పొద్దెక్కినా తిప్పకపోతే వెళ్లి చూడాలి. ‘భూమి అంతమైపోతుందా?’ అని అడిగే పిల్లలకు ఏం చెప్పాలని తల్లిదండ్రులు చాలాసేపు తర్జనభర్జన పడ్డారు. అబద్ధం చెప్పకూడదు, మోయలేనంత నిజమూ చెప్పకూడదు అన్న దగ్గర అందరం ఆగాం. ‘కష్టమైన రోజులు ఉంటాయి. చాలామంది పనిచేస్తున్నారు. నువ్వు చేసిన అట్టముక్క ఆ పక్కింటి మామ్మగారి కోసం.’ ఇంతకంటే మంచి జవాబు నాకు ఇప్పటికీ దొరకలేదు.

కరెంటు లేని సాయంత్రం

అందరం ఒప్పుకుని ఒక సాయంత్రం ఎవరి ఇంట్లో వాళ్లు మెయిన్ స్విచ్ ఆపేశాం. వైద్య పరికరాలు ఉన్న ఇళ్లను మినహాయించాం, అక్కడ బ్యాటరీ ఎంతసేపు వస్తుందో లెక్క మాత్రం రాసుకున్నాం. చీకటి పడ్డాక జంట ఇళ్లు ఒకరినొకరు చేరుకోవాలి, ఫోను వాడకూడదు.

కాగితం మీద తోచనివి ఎన్నో బయటపడ్డాయి. కాలింగ్ బెల్ మోగదు. లోపలి గదిలో పడుకున్నవాళ్లకు తలుపు తట్టిన చప్పుడు వినపడదు. పంపు ఆగితే పై అంతస్తులకు నీళ్లు ఎక్కవు. టార్చి ఎక్కడుందో తెలిసిన మనిషి ఇంట్లో ఒక్కరే, ఆ ఒక్కరూ ఆ సమయానికి బయట ఉన్నారు. ఒక ఇంటి రెండో తాళంచెవి వీధిలో ఎవరి దగ్గరా లేదు. ఇవన్నీ రెండు గంటల్లో తెలిశాయి. ఇప్పుడు ఒంటరిగా ఉండేవాళ్లలో ఒప్పుకున్నవాళ్ల రెండో తాళంచెవి జంట ఇంట్లో ఉంటుంది. తట్టే పద్ధతి కూడా కుదుర్చుకున్నాం: మూడుసార్లు తట్టి పేరుతో పిలవడం. పేరుతో పిలిస్తే చీకట్లో భయం పోతుంది.

ఆ సాయంత్రం ఇంకోటి జరిగింది. కరెంటు తిరిగి వేసుకోమని చెప్పాక కూడా చాలామంది వెంటనే వెళ్లలేదు. వీధిలోనే కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. ఏళ్ల తరబడి పక్కపక్కనే ఉన్నవాళ్లు ఆ రాత్రి మొదటిసారి పిల్లల పేర్లు అడిగి తెలుసుకున్నారు. సభ పెట్టి రమ్మంటే రానివాళ్లు కూడా అందులో ఉన్నారు.

హెచ్చరిక ఎవరి నోట రావాలి

మా వీధివాళ్ల ఫోన్ గ్రూపులో రోజంతా భయపెట్టే దృశ్యాలు వచ్చిపడుతుండేవి. ఎక్కడివో, ఎప్పటివో తెలియదు. ఇప్పుడు అధికారిక వాతావరణ సమాచారం చూసే బాధ్యత ఇద్దరికి అప్పగించాం. వాళ్లు రోజుకు రెండుసార్లు, నాలుగు వాక్యాల్లో రాస్తారు. మిగిలినవాళ్లు ఏదీ ముందుకు పంపకూడదు. నిద్ర బాగుపడిందని కొందరు చెప్పారు, నేను ఆశ్చర్యపోలేదు.

కానీ అసలు హెచ్చరిక ఫోనులో ఆగిపోకూడదు. ఈ విషయంలో బంగ్లాదేశ్‌ను మించిన గురువు లేరు. 1970 నవంబరు తుపానులో అక్కడ మూడు లక్షల మందికి పైగా చనిపోయారు. 1972లో ప్రభుత్వమూ రెడ్ క్రాస్ కలిసి తుపాను సన్నద్ధత కార్యక్రమం మొదలుపెట్టాయి. జెండాలు, మెగాఫోన్లు పట్టుకుని ఇంటింటికీ వెళ్లే స్వచ్ఛంద కార్యకర్తలే దాని వెన్నెముక. అయినా 1991 తుపాను దాదాపు 1,38,000 మందిని బలి తీసుకుంది, వాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. ఆ తర్వాత ఆశ్రయ భవనాలు పెరిగాయి, కార్యకర్తల్లో మహిళల సంఖ్య పెరిగింది. 2020లో అంఫాన్ తుపాను వచ్చినప్పుడు 20 లక్షల మందికి పైగా జనాన్ని ముందే తరలించారు. మరణాలు పదుల సంఖ్యలో ఆగాయి. రేడియో చెబితే ఇల్లు వదలని మనిషి, రోజూ కనబడే మనిషి వచ్చి చెయ్యి పట్టుకుని ‘రండి’ అంటే కదులుతాడు. ఆడవాళ్లు కదలాలంటే లోపలి గదిదాకా వెళ్లగలిగే ఆడమనిషి రావాలి.

అందుకే మా హెచ్చరిక జట్టులో సగం మంది మహిళలు ఉండాలన్నాం, ఇప్పుడు అంతకంటే ఎక్కువే ఉన్నారు.

వడగాలుల వారం

ఇక అసలు పరీక్ష. హెచ్చరిక రాగానే జంటలు కదిలాయి. పలకరింపులు మొదటి రోజు మొహమాటంగా, రెండో రోజు నుంచి మామూలుగా సాగాయి. ఈ వారంలో అందరికీ అర్థమైన విషయం పగటికంటే రాత్రి ప్రమాదమని. పగలు కాగిన గోడలు రాత్రంతా వేడిని వదులుతూనే ఉంటాయి, ఒంటికి కోలుకునే విరామం ఉండదు. అందుకే వీధిలో అన్నిటికంటే చల్లగా ఉండే కింది అంతస్తు గదిని రాత్రి పొద్దుపోయేదాకా తెరిచి ఉంచాం.

ఆ గదికి మొదట ఎవరూ రాలేదు. తమ ఇల్లు వేడిగా ఉందని ఒప్పుకోవడానికి జనానికి మొహమాటం. అక్కడ కూరగాయలు తరగడం, పిల్లల చదువు, చదరంగం వంటివి మొదలుపెట్టాక ఒక్కొక్కరే రావడం మొదలైంది. ‘చల్లదనం కోసం రండి’ అని పిలవడం మానేసి, ‘రండి, ఒక చెయ్యి తక్కువగా ఉంది’ అని పిలిచాం.

ఒక జంట పలకరింపులో వృద్ధురాలి మాట తేడాగా ఉందని పక్కింటి యువకుడు గమనించాడు. ముందు రోజు చురుగ్గా జవాబిచ్చిన ఆవిడ ఆ రోజు అడిగిందే మళ్లీ అడుగుతున్నారు. రోజూ ఆమెతో మాట్లాడుతున్నాడు కాబట్టి తేడా తెలిసింది. కార్డులో ఉన్నట్టే చేశాడు, ఆసుపత్రికి చేర్చారు, కోలుకున్నారు. ఈ ఒక్క సంఘటన చాలు, ఈ పని ఎందుకు చేస్తున్నామని నన్నెవరైనా అడిగితే చెప్పడానికి.

కలిసి చేయడమే మందు

వేడి తగ్గాక జరిగిన కూటమిలో స్వరం మారింది. బాధ పోలేదు. భవిష్యత్తు గురించిన భయం అలాగే ఉంది. ఆ భయంతో ఏం చేయాలో తెలిసిందని మాత్రం ఒకరి తర్వాత ఒకరు అన్నారు. 2022లో అమెరికాలో యువత మీద వచ్చిన ఒక అధ్యయనం నాకు గుర్తొచ్చింది. వాతావరణ దిగులు ముదిరిన కొద్దీ కుంగుబాటు లక్షణాలు కూడా ఎక్కువగా కనిపించాయి. నలుగురితో కలిసి పనిచేసేవాళ్లలో మాత్రం ఆ సంబంధం కనిపించలేదు. ఎవరింట్లో వాళ్లు ఒంటరిగా చేసే పనులకు అలాంటి ఫలితం దక్కలేదు. విపత్తుల తర్వాత జనానికి ఏం కావాలో మనస్తత్వవేత్త స్టీవన్ హాబ్‌ఫోల్, ఆయన సహచరులు 2007లో ఐదు మాటల్లో చెప్పారు: భద్రత, నెమ్మది, మనవల్ల అవుతుందన్న నమ్మకం, మనుషులతో బంధం, ఆశ. ఇందులో ఆశ చివరన ఉండటం నాకు సబబుగా తోస్తుంది. మిగిలిన నాలుగూ కుదిరిన చోట ఆశను ఎవరూ ప్రబోధించనక్కర్లేదు.

సాయం చేసేవాళ్ల అలసట గురించి కూడా రాయాలి. వారం గడిచాక సమన్వయం చేసినవాళ్లు నీరసించిపోయారు. ఒకరు చిన్న మాటకే కన్నీళ్లు పెట్టుకున్నారు. ఇకపై ప్రతి బాధ్యతకూ ఇద్దరు ఉంటారు, వరుసగా రెండు రోజులు ఎవరూ చేయరు, ‘నేను ఈసారి చేయలేను’ అన్నవాళ్లను కారణం అడగం.

ఇప్పుడున్న స్థితి

పటం, జంటలు, కార్డులు, తాళంచెవులు, చల్లని గది, నెలనెలా వినే కూటమి నడుస్తున్నాయి. కలవని ఇళ్లు ఇంకా ఉన్నాయి. వాళ్లను ఒప్పించే ప్రయత్నం ఆపి, కార్డు మాత్రం తలుపు కింద ఉంచి వస్తున్నాం. వాళ్లకు కష్టం వచ్చినా తలుపు తడతాం. అద్దె ఇళ్లలో మనుషులు మారుతుంటారు కాబట్టి పటాన్ని ప్రతి రుతువుకూ తిరగరాయాలి. కొత్తగా వచ్చినవాళ్ల ఇంటికి మొదటి వారంలోనే ఇద్దరు వెళ్లే ఏర్పాటు చేశాం.

తర్వాతి పని వానల ముందు ముంపు సాధన. పల్లంలో ఉన్న ఇళ్ల నుంచి మెట్లు ఎక్కలేనివాళ్లను ఎత్తైన ఇళ్లకు చేర్చడానికి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి చూస్తాం. ముఖ్యమైన కాగితాలు, మందులు, కళ్లజోడు, టార్చి పట్టే నీరు చొరని సంచి ప్రతి ఇంటికీ తయారవుతోంది. రోడ్డు ఊడ్చే ఆమె ఈసారి కూటమిని తానే నడుపుతానన్నారు. మొదటి సగంలో సలహాలు ఇవ్వకూడదన్న నియమాన్ని ఆమె మార్చాలంటున్నారు. నీడ, నీళ్లు లాంటి అవసరాలు సగం కూటమి అయ్యేదాకా ఆగనవసరం లేదని ఆమె వాదన. వచ్చే సమావేశంలో అందరం కూర్చుని తేలుస్తాం.